జపాను టీచరమ్మ మీద వచ్చిన ఫిర్యాదులు

మా హైస్కూలుకి జపాను నుంచి ఒక టీచరమ్మ వస్తోందని తెలిసిన రోజున మా హెడ్మాస్టరుగారు చేసిన మొదటి పని స్టాఫ్‌రూములో కుర్చీ మార్పించడం. మా స్కూలు మొత్తానికీ చేతులున్న కుర్చీ ఒక్కటే, అది ఆయనది. దాన్ని కడిగించి, మీద కొత్త తువ్వాలు వేయించి, కిటికీ పక్కన పెట్టించారు. ఆయన మాత్రం ఆ ఏడాదంతా ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నారు. మంచి మనిషి. అసలు మేమందరం మంచివాళ్ళమే, గొడవంతా అక్కడే వచ్చింది.

మాది గుంటూరు నుంచి ప్రకాశం వైపు పోయే రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు లోపలున్న ఊరు. చుట్టూ మిరప, మిరప లేనిచోట పత్తి. నేను ఆ ఊరి కోడల్ని, ఆ స్కూల్లో సోషల్ టీచర్ని. మొత్తం సర్వీసు పంతొమ్మిదేళ్ళు. వచ్చే ఆవిడకి ఉండటానికి చోటు చూడాలంటే, మా మేడ మీద గది ఇస్తానని నేనే చెయ్యెత్తాను. సేవ చెయ్యాలని కొంత, గొప్ప చెప్పుకోవాలని ఎక్కువ. గుంటూరు బ్రాడీపేటలో కాపురముంటున్న మా తోడికోడలికి ఫోను చేసి, "జపాను టీచరు మా ఇంట్లోనే ఉండబోతోంది" అని చెప్పేదాకా నాకు అన్నం సయించలేదు.

జూన్లో దిగింది. ఇరవయ్యెనిమిదేళ్ళ పిల్ల, పొట్టి జుట్టు, భుజానికో సంచీ. వాళ్ళ దేశంలో చిన్నపిల్లల బళ్ళో పనిచేస్తూ, రెండేళ్ళు సెలవు పెట్టి, జీతం లేకుండా పాఠాలు చెప్పడానికి వచ్చింది. వచ్చే ముందు కొన్ని నెలలు తెలుగు నేర్చుకుందట. మాట్లాడటం నెమ్మదే గాని, మనం మాట్లాడేది మాత్రం చక్కగా అర్థమయ్యేది. నన్ను అక్కా అనేది. మా అత్తగారు ఆ పిల్లని అమ్మడూ అనేది.

మొదటిరోజే చీపురు పట్టుకుంది. వాళ్ళ బళ్ళలో పిల్లలూ టీచర్లూ కలిసి తరగతి గది ఊడ్చుకుంటారట. ఇక్కడ చీపురు ఇలా ఎత్తిందో లేదో, అటెండరు ఓ పక్క నుంచి, డ్రిల్లు మాస్టారు ఓ పక్క నుంచి పరిగెత్తుకొచ్చి లాక్కున్నారు. హెడ్మాస్టరుగారికి చెమటలు పట్టాయి. "మేడమ్ గారూ, మీరు కూర్చోండి" అన్నారు. ఆ ఏడాదిలో ఆ పిల్ల ఎక్కువసార్లు విన్న తెలుగు మాట అదే అనుకుంటా. పొలానికి వెళ్తే గట్టు మీద కుర్చీ. పెళ్ళికి వెళ్తే స్టేజీ పక్కన కుర్చీ. చావింటికి పలకరింపుకి వెళ్తే అక్కడ కూడా ఎవరో ఏడుపు ఆపి లేచి, లోపల్నుంచి కుర్చీ తెచ్చారు. ఆ ఏడు మా ఊళ్ళో జరిగిన ఓణీల ఫంక్షన్ల ఆల్బములు తీసి చూడండి, ఓణీ వేసుకున్న పిల్ల కంటే ఆవిడే ఎక్కువ కనిపిస్తుంది.

తిండి సంగతి మరీ విడ్డూరం. మిరపకాయలు పండించే ఇల్లు మాది, ముందు కారం డబ్బా, తర్వాతే దేవుడు. అలాంటిది మా అత్తగారు ఆ పిల్ల కోసం విడిగా చప్పిడి పప్పు వండేది. "కారం తింటాను అమ్మమ్మా" అని అడిగితే, "నీకెందుకమ్మడూ ఆ ఖర్మ" అని తీసి పక్కన పెట్టేది. ఆ పిల్ల నావైపు చూసేది. నేను నవ్వేసేదాన్ని.

ఇంత మర్యాద చేశాం గాని, ఏ పని మీద వచ్చిందో ఆ పని మాత్రం ఇవ్వలేదు. టైంటేబుల్లో ఆవిడ పేరు లేదు. ఏ టీచరైనా సెలవు పెడితే ఆ పీరియడుకి పంపేవాళ్ళం, అంతే. ఎక్కువగా ఎనిమిదో తరగతి దక్కేది. అక్కడ ఏదో ఒకటి చేస్తూనే ఉండేది. పిల్లల చేత రోజూ నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయించి, దిద్ది, కింద గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఓ ముక్క రాసిచ్చేది. ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ పక్కపక్కన కూర్చోబెట్టేది. బల్లలు తుడిపించేది. ఆలస్యంగా వచ్చినవాణ్ణి బయట నిలబెట్టకుండా లోపలికి పిలిచి, ఎందుకాలస్యమైందో కూర్చుని వినేది.

మరి మా ఊళ్ళో తల్లిదండ్రులు ఊరుకుంటారా? నోరున్న ఊరు మాది. ఫిర్యాదులు వచ్చాయి, బోలెడు వచ్చాయి. కాకపోతే ఒక్కటీ ఆ పిల్ల దగ్గరికి పోలేదు, అన్నీ నా దగ్గరికే. "టీచరమ్మా, మా వాడి చేత బల్లలు తుడిపిస్తోందంట, ఇంట్లో కంచం కూడా ఎత్తడు వాడు." "టీచర్ గారూ, కొట్టదంట కదండీ, భయం లేకపోతే చదువెలా వస్తుంది?" ఇలా. ఆవిడకెందుకు చెప్పరంటే, అతిథి కదా, నొచ్చుకుంటుంది. మా వైపు లెక్క అది. బయటివాళ్ళని పొగుడుతాం, మనవాళ్ళని తిడతాం. నేను కూడా, "వాళ్ళ దేశంలో అంతేలే, నేను చెప్తాగా" అని పంపించేసేదాన్ని. చెప్పేదాన్ని కాదు. "అక్కా, నా గురించి ఎవరైనా ఏమైనా అన్నారా?" అని ఆ పిల్ల అడిగినప్పుడల్లా, "అందరూ బాగుందంటున్నారమ్మా" అనేదాన్ని. పాపం పిల్ల, దేశంకాని దేశంలో బాధపడుతుందేమో అని. అలా అనుకుంటే నాక్కూడా హాయిగా ఉండేది లెండి.

డిసెంబరులో ఓ ఆదివారం ఇద్దరం మేడ మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. అప్పుడు చెప్పింది. ఏడాది కాబోతుంటే ఆవిణ్ణి పంపినవాళ్ళు ఒక కాగితం అడుగుతారట. రెండో ఏడు ఇక్కడే ఉంటావా, వేరే దేశంలో వేరే బడికి వెళ్తావా అని. ఫిబ్రవరి నెలాఖరుకి పంపాలి.

"ఉంటావుగా" అన్నాను, అదేం ప్రశ్న అన్నట్టు.

చేతిలో కాయకి ఈనె లాగి పక్కన పడేసింది. "మా దేశంలో నాకు ముప్ఫై మంది పిల్లలు ఉండేవారు అక్కా. ఇక్కడ నాకు ఒక కుర్చీ ఉంది" అంది. "నేను బాగా చెప్తున్నానో, చెడుగా చెప్తున్నానో కూడా ఎవరూ చెప్పరు. నేను ఉన్నా, లేకపోయినా ఒకటే. వెళ్ళిపోదామనుకుంటున్నాను."

ఆ పిల్ల వచ్చాకే మా ఇంట్లో సాయంత్రాలు సాయంత్రాల్లా ఉన్నాయి. మా ఆయన పొలం నుంచి వచ్చి టీవీ ముందు కూలబడితే మళ్ళీ అన్నానికే లేస్తాడు. నేను నోరు విప్పి నాలుగు కబుర్లు చెప్పుకునేది ఆ పిల్లతోనే. "ఉండమ్మా" అని బతిమాలాను. హెడ్మాస్టరుగారితో మాట్లాడతానన్నాను. మాట్లాడాను కూడా. "ఎనిమిదో తరగతి ఇంగ్లీషు ఆ అమ్మాయికి ఇచ్చేద్దామండీ" అంటే ఆయన కంగారుపడిపోయారు. "అయ్యో, రేపు రిజల్టు తేడా వస్తే ఆవిణ్ణి అనగలమా మేడమ్? అతిథి కదా" అన్నారు. నేనింకేం అంటాను, అదే పాట ఆర్నెల్లుగా నేనూ పాడుతున్నానాయె.

ఇంతలో స్కూలు వార్షికోత్సవం వచ్చింది. ఫిబ్రవరి మూడోవారం, సరిగ్గా మిరపకోతలు ముమ్మరంగా ఉండే రోజులు. కల్లాల మీంచి గాలి వీస్తే తరగతి మొత్తం తుమ్ముతుంది, పాఠం ఆపి నేనూ తుమ్ముతాను. ఈసారి ఫారిన్ ఐటమ్ ఒకటి ఉంటే బాగుంటుందని హెడ్మాస్టరుగారు ముచ్చటపడ్డారు. ఆ పిల్లకి ఆయన ఇచ్చిన మొదటి పని అదే. వాళ్ళ దేశంలో జాలర్లు వలలు లాగే పాట ఒకటుందట, బళ్ళలో పండగలకి పిల్లలందరూ ఆ డాన్సు వేస్తారట. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు పన్నెండు మందిని తీసుకుని మొదలుపెట్టింది. మోకాళ్ళు వంచి, నేలకి వంగి, వల లాగుతున్నట్టు చేతులు ఊపాలి. మిరపకోతలో నడుం వంచడం అలవాటున్న పిల్లలు, ఇట్టే పట్టేశారు. నాన్నల తువ్వాళ్ళు తెచ్చుకుని నుదుటికి బిగించి కట్టుకున్నారు. మా అత్తగారు రిహార్సలు చూసొచ్చి, "అదేం డాన్సే, బావిలో బొక్కెన పడేసుకున్నట్టు" అంది గాని, రెండోరోజు మళ్ళీ వెళ్ళింది.

ఇక్కడ మీకు ముందు లైను సంగతి చెప్పాలి. మా వార్షికోత్సవంలో డాన్సు ఎవరైనా నేర్పిస్తారు, ముందు లైను మాత్రం నేనే సర్దుతాను. అది డాన్సు కాదు, రాజకీయం. స్కూలుకి ఫ్యాన్లిచ్చిన వాళ్ళమ్మాయి నడిమధ్యన. అలకపాన్పు ఎక్కే వాళ్ళ పిల్లలు దానికటూ ఇటూ. చివర్న మేస్త్రమ్మ కూతురు. మేస్త్రమ్మంటే మిరపకోతల ముఠా నడిపే ఆవిడ. తెల్లారుజామున వీధిలో నిలబడి ఆవిడ ఒక్క కేక వేస్తే పాతికమంది ఆడవాళ్ళు అన్నం క్యారేజీలతో ఆటో ఎక్కుతారు. ఆవిడ నోటికి రైతులే జడుస్తారు, మేమెంత? అందుకే ఆవిడ కూతురికి ముందు లైనులో ఓ చోటు ఎప్పుడూ ఖాయం.

ఈసారి సర్దింది నేను కాదు. ఆ జపాను పిల్ల వాళ్ళ పద్ధతిలో ఎత్తు ప్రకారం నిలబెట్టింది. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. మేస్త్రమ్మ కూతురు క్లాసులోకెల్లా పొడుగు. రిహార్సల్లో చూశాను నేను. చూడగానే నాకు తెలిసిపోయింది ఇది కొంప ముంచుతుందని. చెప్పాలి కదా? "ఎలా ఉంది అక్కా?" అని అడిగితే, "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాను.

ఆ రోజు రానే వచ్చింది. మేస్త్రమ్మ మధ్యాహ్నానికే కోత ఆపించి, ముఠానంతా వెంటబెట్టుకుని, చేతులకి కొబ్బరినూనె రాసుకుని మంట చల్లారకుండానే వచ్చి మైదానంలో కూర్చుంది. కూతురు డాన్సు చూపిస్తానని తీసుకొచ్చింది అందర్నీ. ముందు వరసలో సోఫాలు, పెద్దమనుషులు. మా స్టేజీ చూస్తే మోకాలెత్తు. పాట మొదలైంది. పిల్లలు వంగారు. నిలబడితే వెనకలైను పొడుగువాళ్ళు కనపడేవాళ్ళేమో, ఈ డాన్సు మొత్తం వంగే వేస్తారాయె. పాట అయ్యేసరికి మేస్త్రమ్మకి కనిపించింది కూతురి చెయ్యి ఒకటి, తువ్వాలు కొస ఒకటి.

అందరూ చప్పట్లు కొట్టారు. స్టేజీ మీద ఓ చివర కూర్చున్న ఆ జపాను పిల్లకి ముఖ్య అతిథి శాలువా కప్పారు. మేస్త్రమ్మ లేచి సరాసరి నా దగ్గరికొచ్చింది. అలవాటు ప్రకారం.

"ఏంది టీచరమ్మా ఇది? నా కూతురేదీ? ఇరవై రోజుల్నుంచి ఇంట్లో వంట మానేసి ఎగురుతోంది. పని ఆపుకుని వస్తే నాకు జుట్టు కూడా కనపళ్ళా."

"నేను చెప్తాలేవమ్మా" అన్నాను. "పరాయి దేశపు పిల్ల, ఆమెకేం తెలుసు. నువ్వెళ్ళి కూర్చో."

ఆ మాట అంటుండగానే పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. శాలువాతోనే దిగొచ్చింది ఆ పిల్ల. "ఏమంటున్నారు?" అని అడిగింది.

"ఏం లేదమ్మా, డాన్సు బాగుందంటోంది."

మేస్త్రమ్మ నన్ను ఎగాదిగా చూసింది. బాగుందని ఎప్పుడన్నాను అన్నట్టు. ఇంక ఆగలేదు, ఆ పిల్ల వైపు తిరిగింది. "నీకే చెప్తున్నానమ్మా. నా కూతుర్ని వెనకెందుకు దాచావు? పొడుగ్గా పుట్టడం దాని తప్పా?"

నేను మధ్యలోకి దూరాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని పక్కకి జరిపింది. "మీరు ఆగండి అక్కా. నన్ను అడుగుతోంది."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వాళ్ళ బళ్ళో ముప్ఫై మంది పిల్లల ముందు నిలబడినప్పటి గొంతు అయ్యుంటుంది. మేస్త్రమ్మ చెప్పిందంతా చివరిదాకా విన్నది. తర్వాత శాలువా తీసి నడుముకి బిగించి, స్టేజీ ఎక్కి, దాతల పేర్లు చదువుతున్న హెడ్మాస్టరుగారి చేతిలోంచి మైకు అడిగి తీసుకుంది. "నేను తప్పు చేశాను. వెనక ఉన్నవాళ్ళు కనపడలేదు. మళ్ళీ చేస్తాం" అంది. పిల్లల్ని స్టేజీ దింపి, మైదానం మధ్యలోకి, ఆ కూలి తల్లుల మధ్యకి తీసుకొచ్చింది. వెనక లైను ముందుకి. హెడ్మాస్టరుగారు నావైపు చూశారు, నేను ఆకాశం వైపు చూశాను.

మేస్త్రమ్మ కూతురు తల్లికి మూరెడు దూరంలో నిలబడి వేసింది. ఒళ్ళు దాచుకోకుండా వేసింది. అయ్యాక మేస్త్రమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ చేతులతో తుడుచుకుంటే ఏమవుతుంది, ఇంకా మండి ఇంకా కారాయి. ఆ జపాను పిల్ల నీళ్ళు తెచ్చిచ్చింది.

"ఇప్పుడు కనపడింది" అంది మేస్త్రమ్మ, మొహం కడుక్కుంటూ. ఊరుకోవచ్చు కదా, ఊరుకోలా. "మరి రాత పని సంగతేంది? నాలుగు ముక్కలు సరిపోవు, పేజీడు రాయించమని పత్తి తీసేటప్పుడే చెప్పి పంపాగా. ఇంట్లో చూసుకుంటానికి నాకు చదువు రాదు, నువ్వే గట్టిగా చూడాలి. టీచరమ్మ చెప్పలా నీకు?"

ఆ పిల్ల నావైపు తిరిగింది. నేను చాలామంది పిల్లల్ని అబద్ధమాడుతుండగా పట్టుకున్నాను. పట్టుబడితే మొహం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున స్కూలు గేటు దగ్గర తల్లిదండ్రులు ఏడుగురు. మేస్త్రమ్మ అడిగిందంటే మనమూ అడగొచ్చు అని వచ్చేశారు. బల్లలు, కొట్టకపోవడం, పక్కపక్కన కూర్చోబెట్టడం, అన్నీ. ఆ పిల్ల నోట్‌బుక్కు తీసి ఒక్కొక్కటీ రాసుకుంది. కొన్నింటికి సరేనంది, కొన్నింటికి కుదరదంది. కుదరదన్నవాటి మీద గట్టిగానే వాదించుకున్నారు. ఒకాయన విసురుగా వెళ్ళిపోయి, పావుగంటకి తిరిగొచ్చి మళ్ళీ వాదించాడు. హెడ్మాస్టరుగారు కిటికీలోంచి చూసి చూసి, ఆ మధ్యాహ్నం టైంటేబుల్లో ఎనిమిదో తరగతి ఇంగ్లీషు దగ్గర ఆవిడ పేరు రాశారు. "రిజల్టు తేడా వస్తే అడిగేవాళ్ళున్నారు లెండి" అన్నారు నాతో.

నాతో మాత్రం ఆ పిల్ల రెండు రోజులు మాట్లాడలేదు. కిందకి రావడం, తినడం, కంచం కడిగి పెట్టడం, మేడెక్కడం. మా అత్తగారు, "ఏమైందే మీ ఇద్దరికీ" అంటే నేను కసిరాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఉంటుందో పోతుందో తెలీదు, అడిగే మొహం లేదు.

మూడోరోజు సాయంత్రం నేనే రెండు గ్లాసుల కాఫీ పట్టుకుని మేడెక్కాను. నోట్‌బుక్కు ముందేసుకుని కూర్చునుంది.

"కాగితం పంపేశాను. ఉంటున్నాను" అంది. నేను నవ్వబోతే, "కోపం పోలేదు" అంది. "ఎనిమిది నెలలు వాళ్ళు నాతో మాట్లాడుతూనే ఉన్నారు. నేను మంచి టీచర్ అవ్వడానికి వాళ్ళు చెప్పినవన్నీ మీ దగ్గర ఉన్నాయి. మీరు ఇవ్వలేదు. నేను బాధపడతానని కాదు అక్కా. నేను తట్టుకోలేనని మీరు అనుకున్నారు."

ఒకమ్మాయి నన్ను అంతగా దులిపేస్తుంటే నోరెత్తకుండా కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. మా వైపు పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి క్షమాపణ చెప్పుకోరు, మొహం చాటేసి నాలుగు రోజులకి ఏ అరిసెలో చేసి పెడతారు. నేను చెప్పాను. తప్పయిందమ్మా అన్నాను.

కాఫీ తాగింది. నోట్‌బుక్కులో వెనక పేజీ తిప్పింది.

"మీ మీద కూడా నాలుగు వచ్చాయి" అంది. "మీకు చెప్పాలంటే భయమట, నాకు చెప్పారు. చదవనా?"

పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నా మీద ఎవరూ ఏమీ అనలేదనే అనుకుంటున్నాను నేను. చదవమన్నాను.

"ఒకటి. పిల్లలు చెప్పేది పూర్తిగా వినకుండా మీరే జవాబు చెప్పేస్తారట."

"అది కాదమ్మా, అసలు..." అని మొదలుపెట్టాను.

ఆ పిల్ల పేజీ మీద వేలు పెట్టుకుని నావైపే చూస్తోంది. నోరు మూసుకున్నాను. రెండోది చదివింది.